పిలుపులావిడ

"అత్తయ్యా!"

అచ్చుకర్ర ఎత్తిన అత్త చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అప్పటిదాకా తడి తుంగకాడల్ని ఒక్కొక్కటిగా పడుగు దారాల మధ్యకు తోస్తూ, అచ్చుకర్రతో దగ్గరకు కొడుతూ, తనలో తాను కూనిరాగం తీస్తోంది. చాప సగం పైన అయింది. మగ్గం పక్కనే కిటికీ. కిటికీ అవతల రోజూ చెరువుంటుంది. ఆ పొద్దున మాత్రం పొగమంచు తప్ప ఏమీ లేదు, ఒడ్డున బోర్లించిన దోనెలు కూడా కనపడటం లేదు. పిలుపు ఆ మంచులోంచి వచ్చింది.

"అత్తయ్యా!"

గొంతు కోడలిదే. చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి, ఏదో గారాలు పోతున్నట్టు పిలవడం కూడా కోడలిదే. అందుకే అత్తకు ఒళ్లు జల్లుమంది.

ఆ ఒడ్డున చాపలు అల్లేవాళ్ల ఇళ్లన్నీ ఒకే వరసలో, చెరువుకేసి కిటికీలు పెట్టుకుని ఉంటాయి. ఆ వరసలో పుట్టిన పిల్లలకు మాటలు రాగానే నేర్పే సంగతి పిలుపులావిడ సంగతి. మంచులో చెరువు పిలిస్తే పలక్కూడదు. నీళ్ల మీదికి వెళ్లిన మనవాళ్ల గొంతునే ఆవిడ అరువు తెచ్చుకుని పిలుస్తుంది. మనం 'ఆ' అన్నామో, ఆ మనిషిని ఉంచేసుకుంటుంది. పలక్కపోతే విసుగెత్తి వదిలేస్తుంది. ఎవరు కనిపెట్టారో గాని ఎక్కడా సందు లేకుండా కనిపెట్టారు. గొంతు ఎంత మనవాళ్లదిలా ఉంటే అంత గట్టిగా నోరు మూసుకోవాలన్నమాట. పిలుపులావిడను ఇంతవరకూ చూసినవాళ్లు లేరు. అయినా ఆవిడ జుట్టు ఎంత పొడుగో, పాదాలు ఎటు తిరిగి ఉంటాయో అడగండి, ఎవరైనా చెబుతారు.

కోడలు తెల్లవారుతూనే దోనె వేసుకుని తుంగ కోతకు వెళ్లింది. ఇంట్లోంచి నీళ్ల మీద ఉన్న మనిషి తనొక్కతే. కొడుకు లారీ తోలుకుంటూ ఎక్కడో రాష్ట్రాలు దాటి ఉన్నాడు. పిలుపులావిడ ఎవరి గొంతుతో పిలవాలో ఆ గొంతుతోనే పిలుస్తోంది. ఇంక అనుమానానికి చోటెక్కడ?

"అత్తయ్యా... అత్తయ్యా!"

అత్త చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకంటే పలకాలనే ఉంది. 'ఏమ్మా' అనే మాట గొంతు దాకా వచ్చి తన్నుకుంటోంది. లేచి కిటికీ రెక్కలు లాగింది. ఆ గొళ్లెం మహా మొండిది, ఒక దెబ్బకు పడదు. ఒకసారి కొట్టి, అరచేత్తో మళ్లీ బాదితే పడింది. వరస పొడుగునా మిగతా కిటికీలు కూడా టపటపా పడుతున్నాయి. అత్త మూసిన కిటికీకి వీపు ఆనించి కళ్లు మూసుకుంది. 'వదిలెయ్ తల్లీ. చిన్నపిల్ల. నీకేం పనికొస్తుంది' అని లోపల్లోపలే బతిమాలింది. బయట పిలుపు చాలాసేపు వచ్చింది. తర్వాత సన్నబడింది. తర్వాత లేదు.

తలుపు తట్టకుండా లోపలికొచ్చే మనిషి ఆ వరసలో ఒక్కతే. ఆవిడను అందరూ మైకు అంటారు. కొసింట్లో కూర్చుని కూతురితో ఫోన్లో మాట్లాడితే ఈ చివర వాళ్లకు ఆ కూతురు ఏం కూర వండిందో తెలిసిపోతుంది. దోనెలు చేసే మేస్త్రి భార్య. మేస్త్రి పోయిన చలికాలం ఈ చెరువులోనే పోయాడు.

"నిన్నే కదూ వదినా పిలిచింది?" అంది మైకు. చలికి కాబోలు, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

"నన్నే."

"పలికావా?"

"పలకడానికి నాకేమైనా పిచ్చా?"

"హమ్మయ్య! బతికించావు." మైకు గుమ్మంలోనే కూలబడింది. "ఇంకేం ఫరవాలేదు. పిల్ల క్షేమంగా వచ్చేస్తుంది చూడు. మా ఆయనప్పుడు నేను పలకలేదు గాని, ఈ వరసలో ఎవరో పలికే ఉంటారు. వాళ్ల నోరు పడిపోను!"

అత్తకు గుండె నిమ్మళించింది. మళ్లీ మగ్గం ముందు కూర్చుని, ఆగిన కాడనే పట్టుకుని లోపలికి తోసింది.

*

మంచు విడుతుండగా వీధి తలుపు దబదబా మోగింది. అత్త తీసింది. పంపుహౌసు ఆపరేటరు నిలబడి ఉన్నాడు. ఊరికి కొత్త, బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లో కాలేదు. నిలువెల్లా తడిసి ఉన్నాడు. అతని చేతుల మీద, గోనెపట్టాలో చుట్టి, కోడలు.

"ఈ అమ్మాయి మీ ఇంటిదేనాండీ? దారిలో ఎవరో ఈ ఇల్లు చూపించారు."

అత్త తలుపు బార్లా తెరిచింది. పక్కకు తప్పుకుంది. అతను లోపలికొచ్చి కోడల్ని చాప మీద పడుకోబెట్టాడు. సగం అల్లిన చాప మీదే, పడుగు దారాలు ఇంకా మగ్గానికి ఉండగానే. కోడలి పెదవులు నల్లబడ్డాయి. పళ్లు టకటకమంటున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

"తుంగ ఎక్కువేసుకుంది కాబోలండీ, దోనె తిరగబడింది. దాని వీపు పట్టుకుని వేలాడుతోంది. మా ఇనుప పడవేసుకుని వెళ్లేసరికి చెయ్యి జారిపోతోంది." ఆపరేటరు జుట్టులోంచి నీళ్లు దులుపుకున్నాడు. "అరుపులు అంత దూరం, మా పంపుహౌసు దాకా వచ్చాయి. మోటారు ఆపి మరీ విన్నాను. మీకు ఇంత దగ్గర కదా. ఈ వరసలో ఒక్కరికీ వినపళ్లేదా?"

గుమ్మం దగ్గర అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు మూగారు. వాళ్ల వెనక నుంచి మైకు అంది: "వినపడకపోవడం ఏంటయ్యా? విన్నాం కాబట్టే కిటికీలు వేసుకున్నాం."

అతను మైకు వంక చూశాడు. తర్వాత మిగతావాళ్ల వంక చూశాడు. ఎవరైనా నవ్వుతారేమో, ఇది వేళాకోళమేమో అని చూసినట్టుంది. ఎవరూ నవ్వలేదు.

"నువ్వు కొత్తవాడివిలే బాబూ, నీకు తెలీదు," అని ఒకామె సర్దిచెప్పింది.

"అత్తయ్యా, అత్తయ్యా అని ఒకటే అరుపండీ. నీళ్లు మింగుతూ కూడా." అతను అత్త వైపు తిరిగాడు. "మీరేనాండీ అత్తయ్య?"

"ఆ," అంది అత్త.

అతను గోనెపట్టా కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. అత్త తలుపు వేసి, కోడలి తడిబట్టలు మార్చి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. పాదాలు ఒళ్లో పెట్టుకుని అరచేతులు మండేదాకా రుద్దింది. తర్వాత చేతులు రుద్దుదామని పట్టుకుని చూసింది. గోళ్లు విరిగి లేచిపోయి ఉన్నాయి. మిగిలిన గోళ్ల కింద దోనెకు పూసే తారు ఇరుక్కుని ఉంది. అడుగుభాగాన్ని గీరి గీరి పట్టుకున్న తారు.

అత్త ఆ వేళ్ల వంక చూస్తూ అలాగే ఉండిపోయింది. ఈ వేళ్లు తారును గీరుతున్నప్పుడు తను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆ రెండూ ఒకే పొద్దున, ఒకే సమయంలో జరిగాయన్న మాట ఆమె బుర్రలోకి ఎక్కలేదు. ఎక్కబోయినప్పుడల్లా తల విదిలించుకుంది.

కిటికీ బయట నుంచి మైకు గొంతు వినిపిస్తూనే ఉంది, ఎవరికో చెబుతోంది: "తను పలకలేదు గనక పిల్ల దక్కింది. పలికుంటేనా, ఈపాటికి శవాన్ని వెతుక్కుంటూ ఉండేవాళ్లం." అత్త ఆ మాటను గబుక్కున పట్టుకుంది. అంతే కదా. పలకలేదు, దక్కింది. కోడలు కళ్ల ముందే ఉంది. ఇంకేం కావాలి?

*

రెండు రోజులు కోడలు అవసరానికి మించి మాట్లాడలేదు. మామూలుగా ఆ పిల్ల నోరు ఒక్కచోట ఉండదు. అత్త కూనిరాగాన్ని వెక్కిరిస్తుంది, మొగుడు ఫోన్ చేస్తే 'మీ అమ్మ నన్ను రాచిరంపాన పెడుతోంది, వచ్చి కాపాడు' అని అత్త వినేలా అరుస్తుంది. ఇద్దరూ పగలబడి నవ్వుతారు. ఇప్పుడు ఫోన్ వచ్చినా "బానే ఉన్నాను, పడ్డానంతే" అని పెట్టేసింది.

వేళ్లకు గుడ్డ కట్లు కట్టారు గనక అల్లిక కుదరదు. కోడలు గోడవారగా కూర్చుని తుంగను ఏరుతోంది. సన్నవి ఒకపక్క, లావువి ఒకపక్క, పుచ్చినవి పారేసేందుకు వెనక్కి. అత్త చీలుస్తోంది. కత్తి మొన కాడ మధ్యలో దింపి ఒక్క లాగు లాగితే నిలువునా రెండవుతుంది. ఏళ్ల తరబడి చేస్తున్న పనే. అయినా మాటిమాటికీ కాడ వంకరగా చీలి చెడిపోతోంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అత్తను మెచ్చుకుని వెళ్లారు. 'ఎంత నిబ్బరం వదినా నీది' అన్నారు. ప్రతి మెప్పుకూ అత్త కోడలి వంక దొంగచూపు చూసింది. కోడలు తలెత్తలేదు. ఈ పిల్ల పుట్టింటికి వెళ్లిపోతుంది, వెళితే తిరిగి రాదు అన్న భయం అత్తకు పట్టుకుంది.

"అత్తయ్యా."

అత్త చేతిలో కత్తి జారింది. ఆ పిలుపు మళ్లీ వినడం అదే మొదటిసారి.

"ఏమ్మా?"

"మన కిటికీ గొళ్లెం బాగుచేయించాలి."

"ఏం, బానే ఉందిగా?"

"రెండుసార్లు కొడితే గాని పడదు కదా. నీళ్ల మీద అన్నీ ఎంత బాగా వినిపిస్తాయో." కోడలు ఒక కాడను అటూ ఇటూ తిప్పి లావువాటిలో వేసింది. "ఏ కిటికీ ఎప్పుడు పడిందో అన్నీ తెలిశాయి. మనది పడేదాకా, మీరు ఇంట్లో లేరేమో, నీళ్లకు వెళ్లారేమో అనుకుంటూ పిలిచాను. రెండు దెబ్బలు వినపడ్డాక తెలిసింది, ఇంట్లోనే ఉన్నారని."

అత్త కత్తి కోసం కింద తడిమింది. అది కాళ్ల దగ్గరే ఉంది. కనపడలేదు.

"నీ గొంతని తెలిసిందే తల్లీ," అంది చివరకు. "తెలిసే వేశాను. పలికితే నువ్వు దక్కవని... నోట్లో గుడ్డలు కుక్కుకుని..." ఆపైన ఏడుపు వచ్చేసింది.

"తెలుసు." కోడలు చేతిలో కాడను కింద పెట్టింది. "నేనంటే ప్రాణం కాబట్టే వేశారు. కోపంతో వేసుంటే తిట్టుకుంటూ పోయేదాన్ని. తిట్టుకోడానికి కూడా లేకుండా చేశారు అత్తయ్యా."

అత్త పాకుతున్నట్టుగా దగ్గరకు వెళ్లి కోడలి కట్లు కట్టిన చేతులు పట్టుకుంది. కోడలు వెనక్కి లాక్కోలేదు.

"అయినా మిమ్మల్ని ఏ మొహం పెట్టుకుని అంటాను? నేను మాత్రం వెయ్యలేదా?"

"నువ్వా?"

"మేస్త్రి బాబాయి పోయిన రోజున. ముందు ఏదో పేరు పెట్టి పిలిచాడు, మైకు పిన్నిని కాబోలు. తర్వాత 'అమ్మాయీ, అమ్మాయీ' అన్నాడు. నన్నే. నేను రెక్కలు దగ్గరికి లాగి పట్టుకున్నాను, మీరొచ్చి గొళ్లెం కొట్టారు. ఇద్దరం కలిసి వేశాం. గుర్తులేదూ?"

అత్తకు గుర్తుంది. గొళ్లెం పడ్డాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, గండం గడిచిందన్నట్టు నిట్టూర్చడం కూడా గుర్తుంది. మేస్త్రి దొరికింది ఆ మర్నాడు, తూటికాడల్లో చిక్కుకుని.

"అంటే... అది అన్నయ్యేనంటావా?"

"మొన్న పిలిచింది నేనేగా అత్తయ్యా. మరి ఆ రోజు పిలిచింది ఆయన కాదని ఎలా అనుకోను?"

అత్త చిన్నప్పటి నుంచీ విన్న కథలన్నీ, పిలుపులావిడ ఫలానా వాళ్ల నాన్న గొంతుతో పిలిచిందట, ఫలానా వాళ్ల పిల్ల గొంతుతో ఏడ్చిందట అని చెప్పుకునే కథలన్నీ, ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ కథల్లో ప్రతిదానికీ చివర ఒక శవం ఉంది. ఎన్నిసార్లు చెప్పుకున్నారు! భయపడుతూ, మురిసిపోతూ, పిల్లల్ని నిద్రపుచ్చుతూ. అత్త లేచి పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుని వచ్చింది.

"అందరికీ చెప్పాలి," అంది కోడలు, అత్త మొహం తుడుచుకుని కూర్చున్నాక. "చలికాలం ఇంకా చాలా ఉంది. మళ్లీ మంచు పడుతుంది, మళ్లీ ఎవరో నీళ్ల మీదికి వెళతారు."

"మరి మైకు? ఇది తెలిస్తే బతుకుతుందా?"

కోడలు వదులైన కట్టు సర్దుకుంది. "నలుగురిలో వినడం కంటే మీరు చెప్తే నయం. ముందు మీరొక్కరే వెళ్లి చెప్పండి."

*

మధ్యాహ్నం అత్త కొసింటికి వెళ్లింది. వరండాలో మేస్త్రి సగం చేసి వదిలేసిన దోనె బోర్లించి ఉంది, పక్కన చెక్కపేళ్లు కూడా అలాగే ఉన్నాయి. మైకు లోపల చాప అంచులు కడుతోంది. కొసలు లోపలికి మడిచి, సూదితో దారం ఎక్కించి, ముడేసి, పళ్లతో తెంపుతోంది. అత్తను చూడగానే మొదలుపెట్టింది. చాపల షాపువాడు అంచులు వదులుగా ఉన్నాయన్నాడట, వాడి కళ్లు వదులుగా ఉన్నాయి గాని అంచులు కాదట, కూతురికి మళ్లీ నెల తప్పిందట. అత్త వింటూ ఎదురుగా కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాప కొస పట్టుకుని మడవడంలో సాయం చేసింది.

"వదినా," అంది చివరకు. "అన్నయ్య పోయిన రోజు..."

మైకు మాట ఆగింది. "ఇప్పుడదెందుకు?"

"వినాలి నువ్వు. గుండె దిటవు చేసుకుని విను. ఆ రోజు పిలిచింది పిలుపులావిడ కాదు. అన్నయ్యే."

మైకు ముడి వేసింది. దారం తెంపింది. సూదిని జాకెట్టుకు గుచ్చుకుంది.

"తెలుసు," అంది.

ఆ గొంతు పక్క గదిలోకి కూడా వినపడదు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను 'ఒసేవ్' తప్ప ఇంకో మాటతో పిలిచి ఎరగడు. ఆ రోజు పేరు పెట్టి పిలిచాడు వదినా. మా పుట్టింట్లో పిలిచే ముద్దుపేరు. ఈ ఊళ్లో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. గొంతంటే అరువు తెచ్చుకోవచ్చు. ఆ పేరెక్కడ దొరుకుతుంది?" మైకు తన కుడిచేతిని తిరగేసి చూసుకుంది. "అప్పటికే కిటికీ వేసేశాను. తియ్యాలనుకున్నాను. చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలీదు. రోజూ లేవగానే ఈ చేతినే అడుగుతున్నాను."

అత్తకు ఏడుపాగలేదు. ఏడాదిగా ఈ మనిషి ఇంత నిప్పును కడుపులో పెట్టుకుని, వీధంతా వినపడేలా కబుర్లు చెప్పుకుంటూ తిరిగిందా! దగ్గరకు జరిగి మైకు వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఊరుకో వదినా. ఊరుకో. నువ్వొక్కదానివేనా, మేమూ వేశాం" అంటూ నిమురుతూనే ఉంది. నిమురుతుండగానే, మెల్లగా, ఆమెకు ఇంకో సంగతి తట్టింది. చెయ్యి ఆగింది.

"ఉండు. అన్నయ్య సంగతి నీకు తెలుసు. అంటే పిలుపులావిడ లేదని నీకు తెలుసు."

మైకు చాప కొసను ఇంకో మడత పెట్టింది.

"మరి మొన్న నా కోడలు పిలిచినప్పుడు?"

మైకు చాప అంచు వంక చూస్తూ కూర్చుంది.

"అది మనిషని నీకు తెలుసు. ఈ వరస మొత్తానికి తెలిసినదానివి నువ్వొక్కదానివే. తెలిసి..."

"అందరికంటే ముందు కిటికీ వేసింది నేనే," అంది మైకు.

అత్త చెయ్యి తీసేసింది. నిప్పు తగిలినట్టు తీసేసింది. "ఎందుకే? నా పిల్ల నీకేం చేసిందే?"

"ఏమీ చెయ్యలేదు. బంగారం లాంటి పిల్ల." మైకు ఏడవడం లేదు. లెక్క అప్పజెప్పినట్టు చెబుతోంది. "కిటికీ తీసి, నలుగుర్నీ కేకేసి, పిల్లని ఒడ్డుకు చేర్చామనుకో. పిలిచింది మనిషేనని తేలిపోతుంది కదా. అప్పుడు ఆయన్ని చంపిందెవరు?"

"మా ఇంటికొచ్చావు! 'బతికించావు వదినా' అన్నావు!"

"నువ్వు పలికావేమోనని భయమేసి వచ్చాను."

అత్త లేచి నిలబడింది. కొట్టాలనిపించింది. జుట్టు పట్టుకుని చెరువు దాకా ఈడ్చుకుపోవాలనిపించింది. ఎదురుగా నేల మీద కూర్చున్న మనిషిని చూస్తే చేతులు లేవలేదు. గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకోవడం ఇప్పుడే నేర్చుకుంటున్నట్టు తీసుకుంది.

"అందరితో చెప్తావా?" అంది మైకు.

"నీ సంగతి చెప్పను. నా సంగతి చెప్తాను."

"నీది చెప్తే నాది చెప్పినట్టే కదా."

"అవును," అని అత్త బయటకొచ్చింది.

ఒడ్డున ఆడవాళ్లు కోతనుంచి తిరిగొచ్చి తుంగకట్టలు దింపుకుంటున్నారు. నడుములు నొక్కుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉన్నారు. అత్త వాళ్ల మధ్యకు వెళ్లి, కళ్లు కూడా తుడుచుకోకుండా చెప్పింది. మొన్న పిలిచింది నా కోడలే. నా కోడలు చచ్చిపోతూ నన్ను పిలిచింది. నేను విని కిటికీ వేశాను. మీరూ విన్నారు, మీరూ వేశారు. అక్కడ పిలుపులావిడ లేదు. ఎప్పుడూ లేదు.

ఒకామె నవ్వబోయింది. ఇంకొకామె "పిల్ల భయంతో ఏదో అనుంటుంది, నువ్వూ నమ్మేశావా?" అంది. అందరికీ ఒక్కటే ధైర్యం. వాళ్ల చూపులు అత్తను దాటి వెనక్కి వెళ్లాయి. మైకు వచ్చి వరండాలో నిలబడి ఉంది. ఇలాంటి మాట ఎవరన్నా ఎత్తితే నోరెత్తి దులిపేసేది ఆవిడే గనక, దులిపేస్తుందని చూశారు. వాళ్లలా చూస్తూ ఉంటే మైకు స్తంభం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుంది. ఏమీ అనలేదు. తల కూడా అడ్డంగా ఊపలేదు.

కట్టలు దింపడం ఆగిపోయింది. అందరిలోకీ పెద్దావిడ ఒకామె, ఇంకా నెత్తిమీద కట్ట అలాగే ఉన్నామె, రెండు చేతులతో దాన్ని పట్టుకుని అత్త దగ్గరకు వచ్చింది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు. అంతా పక్కనున్నవాళ్లను అడిగి చెప్పించుకుంది.

"అయితే మా చెల్లి," అంది. "చిన్నప్పుడు మా చెల్లి. అక్కా, అక్కా అని. నేను చెవులు మూసుకున్నాను. అమ్మ మూసుకోమంది."

అత్త ఆమె నెత్తిమీది కట్టను రెండు చేతులా అందుకుని కింద పెట్టింది.

"అది మా చెల్లేనా?" అని ఆమె మళ్లీ అడిగింది.